రెండంగుళాల బెల్టు

దొరస్వామిని చంపింది లేతు బెల్టేనని తిరుపతిలో అందరూ నమ్మారు. అందరికన్నా గట్టిగా నమ్మింది అతని భార్య చంద్రకాంతమ్మ. ఎంత గట్టిగా అంటే, కర్మాంతరం అయిపోయిన రోజు తడిచీరతోనే షెడ్డులోకి పోయి, మూలన పడున్న ఆ బెల్టుని గడప మీదికి ఈడ్చి, కొడవలితో ముక్కలు ముక్కలుగా నరికి నిప్పుల్లో వేసింది. "నా మొగుణ్ణి తిన్నావు గదే, నీ కడుపు కాల" అని తిడుతూ నరికింది. మరిది మోహన్‌కృష్ణ పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. కొడవలి తెచ్చి చేతికిచ్చింది అతనే.

జరిగింది ఇదీ. ఒకనాటి తెల్లవారుజామున దొరస్వామి తన షెడ్డులోనే, ఇనుము చెక్కే లేతు మిషను పక్కన, దవడ విరిగి రక్తంలో పడున్నాడు. బెల్టు పుల్లీ మీది నుంచి ఊడి కింద ఉంది. మోహన్‌కృష్ణది ఆటో. ఆ ఆటోలోనే అన్నని పెద్దాసుపత్రికి చేర్చాడు. ఆసుపత్రి దూరమేం కాదు. రేణిగుంట వైపు నుంచి వచ్చేవాళ్లు ఆసుపత్రి గేటు దాటి కాస్త ముందుకొస్తే వచ్చే సందులోనే వాళ్ల షెడ్డు. మంచం మీద దొరస్వామి పెళ్లాం చెయ్యి పట్టుకుని చాలాసేపు పెనుగులాడి "బెల్టు... కొట్టి..." అని మాత్రం అనగలిగాడు. ఆ మాటతోనే పోయాడు. "లేతు బెల్టు ఊడొచ్చి కొట్టింది సార్" అని డాక్టరుకీ, పోలీసులకీ విడమరిచి చెప్పింది మోహన్‌కృష్ణే. రెండంగుళాల తోలు పట్టీ మనిషి దవడ విరగ్గొడుతుందా అని అడిగినవాళ్లు లేకపోలేదు. ఏడ్చే ఇంట్లో అలాంటి ప్రశ్నలకి జవాబులు వెతికే ఓపిక ఎవరికుంటుంది!

దుఃఖం కాస్త సద్దుమణిగాక చంద్రకాంతమ్మకి బుద్ధి వచ్చింది. లేతు లేకపోతే తనకి తిరుపతిలో పనేముంది? నగరిలో అన్నగారింటికి పోయి వదినగారి వంటింట్లో ఒక మూల బతకాలి. ఇరవై ఏళ్లు మొగుడి పక్కన నిలబడి బోరింగు పంపుల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు తిప్పిన మనిషి ఆమె. సగం పని ఆమె చేతిదేనని గిరాకీలందరికీ తెలుసు. లేతు నడుపుతాను అంది. మోహన్‌కృష్ణ వినలేదు. "అన్నని తినేసిన మిషను మనకొద్దు వదినా" అని పాతసామాన్ల వాడితో మాట్లాడేశాడు. రేపు పొద్దున్నే లారీ వస్తుంది. పెద్దమనుషుల ముందు చివరికి తేలిందేమంటే, లారీ వచ్చేసరికి లేతు తిరిగితే అది వదినది, తిరక్కపోతే లారీది.

తిరగాలంటే బెల్టు కావాలి. బెల్టుని చేతులారా నరికి కాల్చింది ఈమే.

తిరుపతిలో ఆమె ఎక్కని అంగడి లేదు. అందరూ ఇప్పటి మోటార్లకి వేసే సన్నటి బెల్టులే చూపించారు. "ఇది తెల్లోళ్ల కాలం మిషనమ్మా, పట్టీ బెల్టులు యాడొస్తాయి ఇప్పుడు?" అని నవ్వారు. ఒక ముసలి అంగడాయన మాత్రం తల గోక్కుని, "వడమాలపేట దగ్గిర మూతబడిన శెనక్కాయ మిల్లు ఒకటుండాది. దాంట్లో పాత బెల్టులు ఇంగా యాలాడతా ఉంటాయి, పొయ్యి సూడు" అన్నాడు. ఆమె ఆ మాట పట్టుకుని రేణిగుంట మీదుగా పోయే పుత్తూరు బస్సెక్కింది.

వడమాలపేటలో దిగేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. రోడ్డు పక్కన టీ అంగడిలో సుబ్బులమ్మ అనే ఆవిడ గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, పాత మిల్లు కాడ బెల్టు దొరుకుతుందంటనే, యాడ అది?"

సుబ్బులమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. చంద్రకాంతమ్మని ఎగాదిగా చూసింది. బొట్టు లేని మొహం, నలిగిన చీర, చంకలో సంచీ. "నీకేం కష్టమొచ్చిందమ్మే, పట్టపగలు బెల్టుకి బయల్దేరినావు?"

"కష్టం సెప్పుకుంటే తీరేదా అక్కా. రేపటికి బెల్టు లేకుంటే నా బతుకు రోడ్డునపడతాది."

"అంత అలవాటైపొయిందా తల్లీ!" సుబ్బులమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఆ తోపు ఎనకాల రేకుల కప్పుండే మిల్లు. సూసుకోని పో. చిన్నబ్బ మంచోడు గాదు."

"మంచోడో సెడ్డోడో నాకెందుకు? బెల్టు గట్టిగా ఉంటే సాలు."

సుబ్బులమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది. తాగేవాళ్లని చాలామందిని చూసింది కానీ, ఇంత బాహాటంగా అడిగిన ఆడమనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

చంద్రకాంతమ్మకి లోకజ్ఞానం లేదనుకోకండి. పేపర్లో బెల్టు షాపులు అనే మాట ఆమె చూసే ఉంటుంది. కానీ లేతు ఇంటికి కోడలిగా వచ్చిన మనిషికి బెల్టు అనగానే పుల్లీ మీద తిరిగేదే కళ్లముందుకొస్తుంది. పల్లెల్లో దొంగతనంగా సారా సీసాలమ్మే చోటు రాదు.

మిల్లు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చీకటి, ముక్కిన శెనక్కాయ పొట్టు వాసన, దాని మీద ఇంకేదో ఘాటు వాసన. అట్టపెట్టెల దొంతర మీద లుంగీ మడిచి కూర్చున్నవాడు చిన్నబ్బ. యాభై దాటినా గట్టి మనిషి. తలుపు దగ్గర దుడ్డుకర్ర ఆనించుకుని నిలబడ్డవాడు అతని మనిషి శ్రీనివాసులు.

"బెల్టు కావల్లప్పా" అంది చంద్రకాంతమ్మ.

"క్వార్టరా, ఆఫా?"

"ముక్కలొద్దు. ఒకటే పొడుగ్గా కావల్ల. కొలుసుకోని తీసుకుంటా."

చిన్నబ్బ శ్రీనివాసుల్ని చూశాడు. శ్రీనివాసులు చిన్నబ్బని చూశాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆమె చిరాకుపడి పైకి చెయ్యి చూపించింది. మిల్లు కప్పు కింద అడ్డంగా పోయిన పెద్ద ఇరుసు, దాన్నుంచి పొట్టు ఎగరేసే ఫ్యానుకి దిగిన సన్నటి పట్టీ బెల్టు. దుమ్ము పట్టింది కానీ తోలు చావలేదు. "అద్దో, ఆ బెల్టు."

"ఓరి నీ... ఆ బెల్టా!" చిన్నబ్బ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "మాకు బెల్టంటే ఇదిమ్మే" అని తను కూర్చున్న పెట్టెని తట్టాడు. లోపల సీసాలు గలగలమన్నాయి. "ఈ సుట్టుపక్కల యాడికి పొయ్యి బెల్టు కాడికి దోవేదంటే చంటిబిడ్డ గూడా ఈడికే సూపిస్తాది."

సుబ్బులమ్మ మొహం గుర్తొచ్చి చంద్రకాంతమ్మకి కూడా నవ్వొచ్చింది. మొగుడు పోయాక నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు నోట్లో ఉండగానే లోపల ఏదో చిన్నగా కలుక్కుమంది. అదేమిటో ఆమెకి ఇంకా అందలేదు.

"తీసకపోమ్మే, అది నాకెందుకు పనికొస్తాది" అన్నాడు చిన్నబ్బ ఉదారంగా. ఆమె మిషను దిమ్మెక్కి బెల్టుని మూడు వేళ్లతో కొలిచి చూసింది. సరిగ్గా రెండంగుళాలు. అతుకు దగ్గర రెండు కొసలకీ ఇనుప క్లిప్పులు, వాటి మధ్య దూర్చిన ఊచ. ఆ ఊచ లాగేస్తే బెల్టు విడివడి చేతికొస్తుంది. తుప్పు పట్టిన ఊచని కదిలిస్తూ ఉంది. రేపు పొద్దున లారీవాడి మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటే ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరుమ్మే మీది?"

"తిరప్తి. దొరసామి లేతని సెప్తే అందురికీ తెలుసు."

కింద అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. బీడీ మాత్రం వెలగలేదు. పుల్ల వేళ్ల దాకా కాలాక చిన్నబ్బ దాన్ని విదిలించాడు.

"దొరసామికి నువ్వేమైతావు?"

"పెండ్లాన్ని. ఆయన నీకు తెలుసునా?"

"వినుండా." చిన్నబ్బ లేచి నిలబడ్డాడు. "పాపం, ఎట్ల పొయ్యినాడు?"

"బెల్టు కొట్టి." ఊచ సగం బయటికొచ్చింది. "ఊరోళ్లు సెప్పిన మాట గాదు. పాణం బొయ్యేముందు ఆయన నోటితో ఆయనే నాకు సెప్పినాడు. బెల్టు కొట్టి అని."

చిన్నబ్బ బీడీని కింద పారేశాడు.

"వాడే సెప్పినాడా?" చిన్నబ్బ గొంతు మారిపోయింది. "నోట్లో పన్ను లేకుండా రాలగొట్టినా గూడా సెప్పినాడా ఆ నా కొడుకు? రేయ్ సీనూ, తలుపెయ్‌రా. ఇది బెల్టు కోసరం రాలేదు. మన కోసరం వచ్చింది!"

తలుపు ధన్‌మని మూసుకుంది. గడియ పడింది.

చంద్రకాంతమ్మ దిమ్మె మీద అలాగే ఉండిపోయింది. ఇందాక లోపల కలుక్కుమన్నది ఇప్పుడు కత్తిలా దిగింది. మొగుడు అనబోయింది బెల్టు కొట్టిందని కాదు. బెల్టు కాడ కొట్టినారని. నడుమ ఉన్న ఒక్క మాట ఆయన విరిగిన దవడలో ఇరుక్కుపోయింది. ఇంట్లో అందరూ లేతు మనుషులే కాబట్టి, ఆ మాటని లేతు బెల్టుకే తగిలించారు. పాపం ఎరగని తోలుముక్కని తను కొడవలితో నరికింది. చంపినవాడు ఇక్కడ సీసాలమ్ముకుంటూ హాయిగా ఉన్నాడు. ఆమెకి భయం వెయ్యలేదు. ముందు సిగ్గేసింది, ఆ వెనకే ఒళ్లంతా మండింది.

"నువ్వా?" అంది. "నువ్వారా ఆయన్ని సంపింది?"

చిన్నబ్బ ఒక్క అంగలో వచ్చి ఆమె జుట్టు పట్టుకుని కిందికి లాగాడు. ఆమె మోకాళ్లు సిమెంటు నేలకి కొట్టుకున్నాయి. లేవబోతే వీపు మీద తన్నాడు. నోట్లోకి పొట్టూ దుమ్మూ పోయాయి. చెంప మీద దెబ్బకి చెవి గుయ్యిమంది. పెదవి పగిలి రక్తం గడ్డం మీదికి కారింది.

"తమ్ముణ్ణి ఈడికి రానియ్యద్దని నా అంగట్లోకొచ్చి నా మిందనే సెయ్యి సేసుకున్నాడు నీ మొగుడు. నలుగురు సూస్తా ఉండంగా! నేనేం గమ్మునుంటానా?" మిషను పక్కన ఆనించి ఉన్న ఇనపరాడ్డు అందుకున్నాడు. దాన్ని ఆమె కళ్లముందు ఆడించాడు. "నీ మొగుణ్ణి కొట్టిన బెల్టు సూడల్లనుంటివి గదమ్మే? ఇదిగో. బాగా సూసుకో."

ఆ మాట అనకుండా ఉంటే ఆమె ఏం చేసేదో తెలియదు. కాళ్లు పట్టుకునేదేమో, కేక వేసేదేమో. ఆ మాట విన్నాక మాత్రం ఆమెకి ఇంకేదీ తోచలేదు. జుట్టు పట్టి లాగినప్పుడు చేతిలో ఉన్న ఊచ కూడా లాక్కుని వచ్చేసింది. అతుకు విడిపోయి బెల్టు మొత్తం ఆమె భుజం మీదుగా నేల మీదికి జారి ఉంది. రాడ్డు లేచింది. ఆమె పక్కకి దొర్లింది. రాడ్డు సిమెంటుకి తగిలి నిప్పురవ్వలు లేచాయి. చిన్నబ్బ మళ్లీ ఎత్తేలోపల ఆమె లేచి, బెల్టు కొస రెండు చుట్లు పిడికిలికి చుట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

ఇనుప క్లిప్పులున్న కొస చిన్నబ్బ మొహానికి అడ్డంగా తగిలింది. చెంప కణత నుంచి గడ్డం దాకా చీలిపోయింది. అతను కేక పెట్టి రాడ్డు వదిలేశాడు. ఆమె ఆగలేదు. రెండోది మెడ మీద, మూడోది మొహానికి అడ్డం పెట్టుకున్న చేతుల మీద. ప్రతి దెబ్బకీ మొగుడి పేరు పలికింది. అతను వెనక్కి తూలి పెట్టెల మీద పడ్డాడు. దొంతర కూలి సీసాలు భళ్లుమని పగిలాయి. సారా వాసన ముక్కు పగలగొట్టింది.

శ్రీనివాసులు కర్రతో వెనక నుంచి వచ్చాడు. దెబ్బ ఆమె ఎడమ భుజం మీద పడింది. చెయ్యి మొద్దుబారింది. ఆమె కుడిచేత్తో కిందపడిన రాడ్డు అందుకుని, తిరిగి చూడకుండానే వెనక్కి తిప్పింది. అది అతని మోకాలి చిప్పకి తగిలింది. ఇరవై ఏళ్లు ఇనప కడ్డీలు ఎత్తిన చెయ్యి అది. శ్రీనివాసులు అమ్మా అని కూలబడి గాజుపెంకుల మీద దొర్లాడు.

ఆమె రాడ్డు పట్టుకుని చిన్నబ్బ మీదికి వంగింది. చీలిన చెంప నుంచి రక్తం బొటబొటా కారుతోంది. కానీ దవడ కదులుతోంది. పళ్లన్నీ ఉన్నాయి. ఒంట్లో ఉన్న కసంతా పెట్టి కొట్టినా రెండంగుళాల బెల్టు తోలు చీల్చిందే కానీ ఎముక విరవలేదు. ఆసుపత్రిలో మొగుడి మొహం గుర్తొచ్చింది. ఇంత చిన్న సంగతి ఆనాడు కొందరు అడిగినా తను వినిపించుకోలేదు.

రాడ్డు పైకెత్తింది. "ఆయన దవడ ఎట్ల ఇరిగిందో సూపిస్తా ఉండు."

"వద్దు మే, వద్దు!" చిన్నబ్బ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "కొట్టింది నేనే, లేదనను. కొట్టి ఈడనే పారేసినా. పాణముండింది. మూలగతా ఉండినాడు. ఆటోలో ఏసుకోని పొయ్యి ఆ మిషను పక్కన పండబెట్టింది నేను గాదు. బెల్టు ఊడబీకి కిందేసింది నేను గాదు. నీ మరిది! మోహనుగాడు! నా పేరు బైటికొస్తే వాణ్ణీ సంపేస్తాననింటి. భయపడి వాడే ఆ తెలివి జేసినాడు. వాణ్ణడుగు పో!"

ఎత్తిన రాడ్డు ఎత్తినట్టే ఉండిపోయింది.

కొట్టి చంపేయాలని ఆమెకి ఎంతగా అనిపించిందో చెప్పడం కష్టం. కానీ వీడు చచ్చిపోతే ఈ మాట పోలీసుల ముందు ఎవరు చెబుతారు? రాడ్డుని పమిట చెంగులో చుట్టి చంకలో పెట్టుకుంది. బెల్టుని భుజానికి వేసుకుంది. గడియ తీసి ఎండలోకి వచ్చింది. తోపు దాటేదాకా ఏడవకుండా నడిచింది, దాటాక ఒక చెట్టుకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మొహం తుడుచుకుని రోడ్డెక్కింది.

టీ అంగడి ముందు ఆటో ఆగి ఉంది. మోహన్‌కృష్ణ దాని పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా అంతా చెమట. ఆమెని చూడగానే పరిగెత్తుకొచ్చాడు.

"వదినా! బెల్టంగడాయన సెప్తే ఉరుక్కుంటా వచ్చినా. సెప్పకుండా ఈడికెందుకొచ్చినావు? ఏందా రగతం? యాడన్నా పడినావా?" అతని చూపు ఆమె భుజం మీది బెల్టు దగ్గర ఆగింది. "బెల్టు... దొరికిందా వదినా?"

"దొరికింది మోహనా" అంది చంద్రకాంతమ్మ. "రెండు బెల్టులూ దొరికినాయి."

అతని మొహంలో రక్తం దిగిపోయింది. వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. పారిపోవడానికో, తీసుకుపోవడానికో అతనికే తెలిసినట్టు లేదు. బండి స్టార్టు చేశాడు. ఆమె వెనక ఎక్కింది. మొగుణ్ణి పడుకోబెట్టిన సీటు అదే. దాన్ని ఒకసారి అరచేత్తో నిమిరింది. తరవాత భుజం మీది బెల్టు తీసి, అతని తల మీదుగా ముందుకి వేసి, మెడ చుట్టూ తెచ్చి, రెండు కొసలూ వెనక ఒక్క పిడికిట్లో పట్టుకుంది. క్లిప్పుల రక్తం అతని కాలరుకి అంటింది. మోహన్‌కృష్ణ కదల్లేదు.

"ఇప్పుడు పోనియ్యి. ఆయన్ని తీసకపొయిన దోవలోనే పోనియ్యి."

ఆటో కదిలింది.

"ఒక్కటే అడుగుతా, నిజం సెప్పు" అంది ఆమె అతని చెవి దగ్గర వంగి. "ఈడ్నుంచి మన షెడ్డుకి పోవల్లంటే పెద్దాసుపత్రి గేటు ముందర నుంచే పోవల్ల. పాణంతో ఉండే మీ అన్నని ఎనకేసుకోని ఆ గేటు దాటేటప్పుడు, ఒక్కసారన్నా బండి నిదానం జేసినావా మోహనా?"